అయ్య ఓడిన పందెం

కండక్టరు డ్యూటీ దిగి కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే శ్రీకాకుళం బస్టాండు దగ్గర బెల్లం జీళ్ళ వాసన తగిలింది.

అరవైల చివర, నా చిన్నప్పుడు, వంతెన లేని మా నాగావళి రేవులో తీర్థంనాడు పడవ పందేలు జరిగేవి. ఆ ఏడు, రేవులో నావ నడిపే మా అయ్యే గెలుస్తాడని అందరికీ చెప్పుకున్నాను. అయ్య అందరికన్నా వెనకొచ్చాడు. ఒడ్డంతా ఈలలేసి నవ్వింది.

"రోజూ తెడ్డేసినోడివి, ఏటయ్యా ఓడిపోనావు?" అని ఏడ్చాను.

"సేతులు లెగట్నేదే తల్లీ. నువ్ తిను" అంటూ అయ్య జీళ్ళ పొట్లం అందించాడు.

అయ్యకి బలం లేదనుకుంటూ జీడి నమిలాను.

అవతలి ఊళ్ళ నుంచి ఆ జనాన్నంతా పొద్దుట్నుంచీ నావలో చేరవేసింది అయ్యేనని ఇప్పుడు, భుజాలు లాగేస్తుంటే తడుతోంది. చీకటి పడేలోగా, ఆ నవ్విన వాళ్ళందరినీ మళ్ళీ అవతల దింపిందీ ఆయనే.