రిమార్కు కాలమ్‌లో ఒక్క మాట

మా సెంటర్‌లో ఆరుగురు కేసు మేనేజర్లు. అందరూ ఆడవాళ్ళే. టీబీ మందులు వాడేవాళ్ళు మధ్యలో మానేయకుండా నెలల తరబడి వెంటపడటం వాళ్ళ పని. వాళ్ళ వెంటపడటం నా పని. సూపర్‌వైజర్ అనే మాటకు ఇంతకంటే గౌరవమైన అర్థం ఉంటే నాకెవరూ చెప్పలేదు.

ఆరుగురిలో సంతోష్‌నగర్ నుంచి వచ్చే ఆవిడతోనే నాకు ఎక్కువ గొడవ. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే వీధి చివరిదాకా వినిపించే గొంతు, మీటింగ్‌లో మాత్రం బయటికి రాదు. మాట్లాడని లోటంతా రిజిస్టర్‌లో తీర్చుకునేది. ఇంటికి పోతే తాళం ఉంది, పక్కింటామె పిలిచి చాయ్ పోసింది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అంతలో పేషెంట్ వచ్చాడు, కూతురి సంబంధం కుదరలేదని బాధపడ్డాడు, గోలీ వేసుకున్నాడు. ఇదంతా రెండు వేళ్ళ వెడల్పు లేని రిమార్కు కాలమ్‌లో, అంచుల మీదకు ఎక్కించి మరీ రాసేది.

"ఇది రిజిస్టరా, సీరియలా?" అని అందరి ముందూ అడిగాను. "ఇగ నుంచి రిమార్కు కాలమ్ల ఒక్కటే మాట. రెండో మాట కనబడితే కొట్టేస్త."

ఆవిడ తల వంచుకుంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆ నెల రిజిస్టర్లు ఎంత శుభ్రంగా వచ్చాయో! "వేసుకున్నడు." "లేడు." "లొల్లి." నెలాఖరు రిపోర్టు ఒక్క పూటలో అయిపోతుందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అలా మెచ్చుకుంటూ పేజీలు తిప్పుతుంటే లాల్‌దర్వాజా పాలాయన పేరు దగ్గర ఆవిడ రాత కనిపించింది. "పోయిండు."

నా చేయి ఆగిపోయింది. ఇంటింటికీ పాలు పోసే మనిషి ఆయన. ఒకసారి ఒళ్ళు బాగుందని మందులు మానేసి, మళ్ళీ జబ్బు ముదిరి వచ్చాడు. ఈసారి మధ్యలో తెగితే మందులకు లొంగదని డాక్టర్ ముందే హెచ్చరించాడు. కిందటి నెల దగ్గులో రక్తం కూడా పడింది. ఇక ఆశ్చర్యమేముంది అనుకున్నాను. ఆవిడ తమ్ముడి పెళ్ళని పది రోజుల సెలవులో ఉంది. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. 'మరణం' అని రాసి, సంతకం పెట్టి, కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయికి ఇచ్చేశాను. పది నిమిషాల్లో కేసు మూసేశారు.

ఎవరైనా చనిపోతే సూపర్‌వైజర్ వాళ్ళింటికి వెళ్ళి ఒక ఫారం నింపాలి. వారం తర్వాత, శుక్రవారం పొద్దున, నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆటో సందులోకి రాదు. నడుస్తూ ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. పరామర్శ నాకు చేతకాని పని. నాలుగు మాటలయ్యేసరికి ఎవరితోనో ఒకరితో వాదన పెట్టుకుంటాను.

ఆయన భార్య గడప ముందు కూర్చుని పాల క్యాన్లు తోముతోంది. మోచేతిదాకా మట్టిగాజులు, నుదుట రూపాయంత బొట్టు. నాకు గుండె నిండిపోయింది. నిజం చెప్తున్నాను, గర్వంగా అనిపించింది. మా పెద్దమ్మకు బొట్టు చెరిపిన రోజు మా ఇంట్లో ఎదురు తిరిగింది నేనొక్కదాన్నే.

"అమ్మా, గోలీల సెంటర్ నుంచి వచ్చిన. సంగతి తెల్సింది. మస్తు బాధైంది," అన్నాను.

"బాధ ఎందుకు మేడం? నేనే పొమ్మన్న," అంది ఆమె, తోముడు ఆపకుండా. "ఇంట్ల కోడలు బాలింత. పసిపిల్ల ఉండె. ఈయన దగ్గు సంగతి మీకెర్కే గద. ఇంక పోతెనే అందరికి మంచిదని నేనే అన్న."

ఇంత కటువుగా ఎవరైనా అంటారా? కానీ సేవ చేసి చేసి విసిగిన మనుషులను చాలామందిని చూశాను. ఫారం తీశాను.

"ఎన్నడు పోయిండు?"

"అటు మొన్న బేస్తారం." తేదీ గడిలో రెండు వారాల కిందటి గురువారం వేశాను.

"బాగ తిప్పల పడ్డడా?"

"తిప్పలేంది? తానం చేసి, తెల్లంగి తొడుక్కొని, మనవరాలిని దూరంకెల్లి చూసి నవ్వుకుంటనే పోయిండు."

అదృష్టవంతుడు అనుకున్నాను. "దవఖానలనా, ఇంట్లనా?"

"దవఖాన ఎందుకు మేడం? ఆటోల పోయిండు."

'ఆసుపత్రికి తరలిస్తుండగా, ఆటోలో' అని ఫారంలో రాసుకున్నాను. పెన్ను మూత పెట్టి, అప్పటిదాకా కడుపులో దాచుకున్న మాట అనేశాను.

"గాజులు తియ్యకపోవుడు, బొట్టు తుడవకపోవుడు మస్తు మంచి పని చేసినవమ్మా. ఎవరేమన్నా వినకు. నేనున్న."

ఆమె చేయి ఆగింది. పీచు నీళ్ళలో పడింది.

"గాజులు నేనెందుకు తీస్త?"

"అదే అంటున్న. తియ్యొద్దు."

"ఏయ్ మేడం! నా మొగడు కార్వాన్ల వాళ్ళ అక్కింటికి పోయిండు. నువ్వేంది, పొద్దుగాల్నే వచ్చి నా మొగన్ని సంపుతున్నవ్?"

ఆ తర్వాత ఆమె అన్నవన్నీ ఇక్కడ రాయను. నా నోరు పదునైనదని ఊరంతా అంటుంది. ఆ నోటికి ఆ పూట గురువు దొరికింది. సందులో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఒక ముసలాయన, "క్యా హువా అమ్మా?" అంటూ బయటికొచ్చాడు. "మా ఆయన సచ్చిండంట భాయ్, కాయితం తెచ్చింది," అని ఆమె నా ఫారం వైపు చూపించింది. ముసలాయన, "తౌబా తౌబా," అని లోపలికెళ్ళిపోయాడు.

తిట్టడం అయ్యాక ఆమే ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

"ఎవలు?" అంది అవతలి గొంతు, కొంచెం చిరాగ్గా.

అక్కడే బోర్లించిన క్యాన్ మీద కూర్చుండిపోయాను. చనిపోయాడనుకున్న మనిషి చిరాకుపడితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అన్నా, మంచిగున్నవా? గోలీలు వేసుకుంటున్నవా?"

"ఇయ్యాల్టివే ఉన్నయ్ మేడం. మీ సెంటరామె నేను వచ్చేటప్పుడు పదిహేను రోజులవి చేతుల పెట్టింది. నిన్న ఈడి దవఖానకు పోతే నీ కేసు బంద్ అయిందన్నరు. బంద్ అంటే కోర్సు ఒడిసినట్టే గద? మా అక్క షక్కర పంచింది. ఇంక రేపటి నుంచి మింగుడు లేదు."

హాయి అంతా ఆవిరైపోయింది. నా సంతకం ఆయన్ను కంప్యూటర్‌లో చంపింది సరే, ఇప్పుడు నిజంగానే చంపేలా ఉంది. రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. ఈ రోజే కేసు తెరిపించకపోతే కార్వాన్‌లో మందులివ్వరు. రెండు రోజులు మానేసిన మనిషి మూడో రోజు మొదలుపెడతాడన్న నమ్మకం నాకు లేదు. ఒకసారి మానేసినవాడే కదా.

"ఒడవలేదన్నా. తప్పు మాది. ఇయ్యాల్టివి వేసుకొని, మూడింటికి మళ్ళ దవఖానకు పో. వాళ్ళు ఇస్తరు."

"ఇయ్యకపోతే?"

"నేనొచ్చి కొట్లాడుత."

"గది మీకు చాతనైతది," అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలోంచి కేసు మేనేజర్‌కు ఫోన్ చేశాను. వెనకాల పెళ్ళి బాజా మోగుతోంది. తిట్టడానికే చేశాను, అబద్ధమెందుకు.

"పోయిండు అని ఎట్ల రాస్తవమ్మా?"

"పోయిండు గద మేడం. కార్వాన్ పోయిండు. కార్వాన్ అని రాస్తే రెండో మాట అయితది. కొట్టేస్తనన్నరు." బాజాకు దూరంగా జరిగి, "సచ్చిపోతే సచ్చిపోయిండని రాస్త గద," అంది.

తిట్టకుండానే ఫోన్ పెట్టేశాను. వారం మందుల కంటే ఎక్కువ ఎవరికీ చేతికివ్వొద్దని మా సెంటర్ నియమం. ఆవిడ నియమం తప్పి పదిహేను రోజులవి ఇచ్చింది కాబట్టే ఇప్పటిదాకా ఆయనకు ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ సంగతి నాకు చెప్పడానికి నేనే ఏ కాలమ్‌లోనూ చోటు మిగల్చలేదు.

సెంటర్‌లో కంప్యూటర్ అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పాడు.

"బతికించే బటన్ లేదు మేడం."

"ఎందుకు లేదు?"

"ఇప్పటిదాకా ఎవ్వరు లేచి రాలే. పెద్దాఫీసోళ్ళే తెరవాలె. డాక్టర్ సార్ చిట్టీ కావాలంటరు. తప్పు ఎవరిదో, ఎట్లయిందో అందుల రాయాలె."

డాక్టర్ గదిలో కూర్చుని రాశాను. ఫీల్డు సిబ్బంది పొరపాటు అని రాస్తే నాలుగు మాటల్లో అయిపోతుంది. అందరూ అలాగే రాస్తారు, ఎవరూ అడగరు కూడా. పెన్ను అటు పోబోయింది కూడా. కేసు మేనేజర్ సరిగ్గానే రాసింది, చదివిన నేను తప్పు చదివాను, అడగకుండా సంతకం పెట్టాను అని రాశాను. డాక్టర్ చదివి, కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసి, ముద్ర కొట్టాడు. ఆ కాగితం పంపి, పెద్దాఫీసుకు ఏడుసార్లో ఎనిమిదిసార్లో ఫోన్ చేశాను. భోజనానికి పోయారన్నారు. మీటింగన్నారు. మీటింగ్ గది బయట కుర్చీ వేయండి, వచ్చి కూర్చుంటానన్నాను. రెండున్నరకు అబ్బాయి కేకేశాడు. "లేచిండు మేడం!"

నాలుగింటికి నా ఫోన్ మోగింది. పాలాయన.

"ఇచ్చిన్రు. మళ్ళ వారం దాకవి."

"మంచిదన్నా."

"ఏం మంచిది మేడం? గీ గోలీలు మింగితే కడుపుల ఒకటే మంట. చాయ్ తాగితే మంట, తాగకపోతే మంట. మా అక్కేమో పప్పుల పచ్చిమిరపకాయలు దంచి ఏస్తది..."

మామూలుగా అయితే, తిన్నాక వేసుకో, కారం తగ్గించు, మళ్ళీ మాట్లాడదాం అని అర నిమిషంలో పెట్టేసేదాన్ని. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆయన కడుపుమంట గురించి పావుగంట చెప్పాడు. పప్పు గురించి, అక్క గురించి, రంగు మారిన మూత్రం గురించి, మనవరాలిని ఎత్తుకోనివ్వని భార్య గురించి. నేను, "ఆఁ, తర్వాత?" అంటూ కూర్చున్నాను.