అలుగు మోతలో అక్క విన్న మాట

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నిండి అలుగు దుంకుతోందని పక్కింటావిడ ఫోన్లో వీడియో చూపించింది. ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి మేకలు మేసిన చెరువు, పిల్లలు క్రికెట్ ఆడుకున్న చెరువు, గట్టు తెగుతుందేమో అన్నంతగా నిండిందట. నేను చూసి ఊరుకునేదాన్నే. కానీ నా పక్కన కూర్చున్న మా అక్క ఆ వీడియోని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది. రెండు నెలలుగా దేని మీదా ఆసక్తి చూపించని మనిషి. సరే పద, ఆదివారం పోదాం అన్నాను.

మా అక్క సుజాత గురించి చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. ఆరేళ్ల వయసులో వచ్చిన జ్వరం ఆమె రెండు చెవులూ పట్టుకుపోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట్లాడుతుంది, గొంతు కాస్త పెద్దదిగా ఉంటుందంతే. ఎదుటివాళ్లు చెప్పేది పెదాలు చూసి పట్టేస్తుంది. చంపాపేటలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుడుతుంది. ఏళ్ల తరబడి కుట్టించుకున్నవాళ్లలో కొందరికి ఆమెకు వినపడదన్న సంగతే తెలీదు. అట్లాంటి మనిషి ఎదుట ఒక్కసారిగా లోకమంతా మూతులు కట్టేసుకుంది.

అట్లాగని అక్కకు మాస్కంటే పడదనుకునేరు! గల్లీ మొత్తానికి గుడ్డ మాస్కులు కుట్టి పంచింది ఆమే. పక్క ఫ్యాన్సీ కొట్టు పద్మ, అక్కకు ప్రాణస్నేహితురాలు, కరోనా రెండో విడతలో పోయింది. మర్నాడే అక్క తన తలుపు మీద 'మాస్కు లేనిదే లోపలికి రావద్దు' అని తన చేత్తోనే రాసి అంటించింది. ఇక అక్కడి నుంచి మొదలైంది కష్టం. వచ్చినవాళ్లు మాస్కు వెనక ఏదో చెప్తారు, ఈమె ఏదో కుడుతుంది, వాళ్లు మాస్కు వెనకే అరుస్తారు. మెడ వెనక డోరీ పెట్టమంటే హుక్కులు పెట్టిందని ఒకావిడ జాకెట్ మొహాన కొట్టి పోయింది. ఇక చాలనుకుంది. నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేసింది. "వినపడదు, జర మాస్కు దించి చెప్పుమని అడగొచ్చు కదనే" అని నేను పోరితే, "నా ఒక్కదాని కోసం అందరి ముక్కులు తెరవాల్నా? పద్మ పోయింది సాలదా?" అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కాం. సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్, బొంగుళూరు మీదుగా ఇబ్రహీంపట్నానికి గంట పడుతుంది. సిటీ బస్సులు తరచుగానే ఉంటాయి, టికెట్ మనిషికి నలభై లోపే. మాస్కు రూలు ఉందో, తీసేశారో, జరిమానా వేస్తారో వేయరో ఎవరికీ నిక్కచ్చిగా తెలియని రోజులివి కదా, బస్సులో ఎవరి రూలు వాళ్లదే. ఒకాయన గడ్డానికి కట్టుకున్నాడు. ఒకమ్మాయి ఒంటి చెవికి వేలాడేసింది. తుమ్మొచ్చినప్పుడు మాస్కు కిందికి లాగి, శుభ్రంగా తుమ్మి, మళ్లీ పైకి లాక్కున్న మహానుభావుణ్ని కూడా కళ్లారా చూశాను.

కండక్టర్ మాత్రం పద్ధతిగా మాస్కు పెట్టుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఏడికని అక్కని అడిగాడు, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏమమ్మా, అడుగుతుంటె పలకవ్? ఇనవడదా?" అన్నాడు. "అవ్, ఇనవడదు. నిజంగనే ఇనవడదు. ఇప్పుడేమంటవ్?" అన్నాను. బస్సు బస్సంతా ఇటు తిరిగింది. పాపం ఆయన మొహం చిన్నబోయింది. "అయ్యో, తెల్వదక్కా" అంటూ మాస్కు కిందికి లాగేసి, అక్క మొహం మీదికి వంగి, "ఏడికి పోవాలె తల్లీ?" అని ఎంతో ప్రేమగా అడిగాడు. అక్క అదిరిపడి వెనక్కి జరిగింది, తల కిటికీ చువ్వకి తగిలింది. రెండు చేతులతో తన మాస్కు అదిమి పట్టుకుంది. ఆయన మంచికే వంగాడు, ఈమె భయంతోనే జరిగింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు, అదే నా ఏడుపు.

ఇబ్రహీంపట్నం చౌరస్తా నుంచి చెరువు కట్టకి షేర్ ఆటోలో మనిషికి ఇరవై. మా ఆటో నడిపిన యాదన్న అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. వాటి పక్కనే ఒక నీలం మాస్కు వేలాడుతోంది. "ఏందన్నా, దిష్టికి అన్నీ ఒక్క కాడనే కట్టినవా?" అన్నాను.

"అవ్ అక్కా. దేంతోని పనైతున్నదో మనకేం ఎర్క? గిప్పటిదాంక నాకేం కాలె, ఒక్కటి గూడ తియ్య" అన్నాడు. నవ్వాపుకోలేక ఫోన్లో రాసి అక్కకి చూపించాను. ఆమె నవ్వలేదు.

కట్ట మొదట్లో చాంద్‌బీ అనే ఆవిడ చేపలు వేయించి అమ్ముతుంది, ముందు తిని పోండి అని యాదన్న అక్కడే దింపాడు, తనూ టీ కోసం ఆగాడు. చాంద్‌బీ నడివయసు మనిషి. ముక్కు మీంచి మెడ దాకా ఓ పాత చున్నీ బిగించి కట్టుకుంది. నూనె మూకుడు ముందు నిలబడి అక్కని ఏదో అడిగింది. అక్క నావైపు చూసింది. ఆ చూపు నేను భరించలేను. "మా అక్కకు ఇనవడదు. మూతి చూస్తె సమజైతది. కని మాస్కు తీస్తె ఒప్పుకోదు, భయం" అని గబగబా చెప్పేశాను.

చాంద్‌బీ "గంతేనా?" అంది. జల్లిగరిటె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటి, అవతలి కల్వర్టు గోడ దగ్గర నిలబడింది. చున్నీ కిందికి లాగింది. ఏదో అంది. మధ్యలో ఒక లారీ, వెనకే ట్రాక్టరు. నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు!

నా పక్క నుంచి అక్క గొంతు ఖంగున మోగింది. "కొర్రమట్ట చేపనే! కారం జర తక్కువెయ్యి!"

ఎన్ని నెలలైంది బయట ఆ గొంతు విని! చాంద్‌బీ చున్నీ మళ్లీ ముక్కు మీదికి లాక్కుని, ఏమీ జరగనట్టు వచ్చి చేపకి మసాలా పట్టించడం మొదలుపెట్టింది. నేనే ఆగలేక, ఇది నీకెట్లా తట్టిందని అడిగాను.

"తట్టుడేంది? మా ఇంటాయన కంకర మిషన్ల పనిజేసిండు. ఆడ చెవులుండి గూడ లేనట్టె, గంత మోత. దుమ్ముకు అందరు మూతికి దస్తీ కట్టుకునేది. మాట చెప్పాల్నంటె దుమ్ముల నుంచి అవతలికి పోయి, దస్తీ దించి, మూతితోని చెప్పి, మల్ల కట్టుకునేది. నేను సద్ది పట్టుకపోతె నాతోని గూడ గట్లనే మాట్లాడేది. ఇంట్ల కొట్లాడుకున్నా గట్లనే," అని నవ్వింది. "గీ మాస్కులు మీకు కొత్త, మాకు కాదు."

ఆయన ఎక్కడున్నాడని అడిగాను. ఆమె నవ్వు తగ్గింది. ఆ దుమ్మే ఆమె భర్త యాకూబ్ ఊపిరితిత్తుల్లో కూర్చుందట. ఇప్పుడు ముక్కు మీద ఏది కట్టినా ఊపిరాడదు. మాస్కు వద్దని దవాఖానలో కాగితం కూడా రాసిచ్చారు. "కాయితం జూడాల్నన్నా దగ్గరికి రావాలె కదా! దగ్గరికి ఎవలొస్తరు? అంగట్ల ఒకడు, నీ వల్ల మేం సావాల్నా అని తిట్టిండు. ఈయన తిరిగి ఒక్క మాటనలె. వాని భయం వానిది, ఇంట్ల ముసలోళ్లు ఉండొచ్చు అన్నడు. గా దినం నుంచి మందిల తిరుగుడు బంద్ జేసిండు. అలుగు అవతల గాలమేసుకోని ఒక్కడే కూసుంటడు." తిన్నాక మమ్మల్ని ఆమే పిలిచింది. "రాండ్రి, ఆయనకు మీ అక్కను జూపెడ్త. యాదన్నా, జర మూకుడు జూస్తుండు, మాడిందో నీ పని జెప్త!"

కట్ట ఎక్కాం. ఎదురుగా చూపు ఆగేదాకా నీళ్లే. చెరువు ఎండినప్పుడు మొలిచి పెరిగిన తుమ్మచెట్లు కొనలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి, వాటి మీద కొంగలు. ఇంకాస్త నడిస్తే అలుగు. నిండిన చెరువు మిగులు నీళ్లు రాతిగోడ మీంచి తెల్లగా దూకుతున్నాయి. ఆ మోతకి నా మాట నాకే వినపడలేదు. చుట్టూ మాస్కులు పెట్టుకున్నవాళ్లు, లేనివాళ్లు, అందరూ ఒకరి చెవిలో ఒకరు అరుచుకుని, ఏంటి ఏంటి అని చేతులు ఊపుకుంటున్నారు. అక్క చెప్పులు విడిచి బండ మీద నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఏమందో నాకు తర్వాత తెలిసింది. "చిన్నీ, కాళ్లకు ఇనవడుతున్నది" అందట.

నీళ్లు పోయే కాలువ అక్కడ ఒక బస్సు పొడవంత వెడల్పు ఉంటుంది. అవతలి గట్టు మీద ఒక బక్కపల్చని మనిషి, తెల్ల గడ్డం, మొహానికి ఏమీ లేదు. చాంద్‌బీ గుంపుకి దూరంగా జరిగి, చున్నీ దించి ఏదో చెప్పి, అక్కని చూపించి, మళ్లీ కట్టుకుంది. యాకూబ్ గాలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అక్క చుట్టూ చూసింది. ఎవరూ లేని చివరి బండ దాకా ఒక్కతే నడిచి వెళ్లింది. రెండు చేతులతో చెవుల వెనక నుంచి మాస్కు తీసింది.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. దేవుడా, ఎట్లా చెప్పను మీకు! ఆయనకి అరిచే ఊపిరి లేదు, ఈమెకి వినే చెవి లేదు, మధ్యలో చెరువు చెరువంతా గర్జిస్తోంది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా మాట్లాడుకుంటున్నారు. ఆయన చెయ్యి పెట్టి నీళ్లు చూపించాడు, ఈమె నవ్వింది. ఈమె వేళ్లతో సూదీ దారం చూపించింది, ఆయన తల అడ్డంగా ఊపాడు. చెవులు బాగున్న మేమందరం చెవిటివాళ్లలా నిలబడి చూస్తున్నాం. నేను ఉండబట్టలేక దూరం నుంచే చేతులు ఊపి, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని సైగ చేశాను. అక్క వెనక్కి తిరిగి, ఆగు, తర్వాత చెప్తా అన్నట్టు అరచెయ్యి చూపించింది. చిన్నప్పటి నుంచి పెళ్లిళ్లలో, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఆమె నా చెయ్యి లాగి అడిగేది 'ఏమంటున్నారు' అనే, నేను చెప్పే జవాబు 'ఆగు, తర్వాత చెప్తా' అనే. నాకు ఏడుపొచ్చింది. మాస్కు లోపల ఎవరికీ కనపడలేదు, అదొక్కటి మేలైంది.

తిరుగు బస్సు మధ్యాహ్నం రెండు దాటాక దొరికింది. పక్క సీటు ఖాళీగా ఉన్నా అక్క వెళ్లి ఎదురు వరసలో, నాకు దూరంగా, నా మొహం కనపడేట్టు కూర్చుంది. మాస్కు పెట్టుకునే మాట్లాడింది, ఆమె మాట నాకు వినపడుతుంది కదా. "ఏం పనిజేస్తవ్ బిడ్డా అని అడిగిండు. కుట్టేదాన్ని అన్న. కుట్టేదాన్ని ఏంది, చేతులు పోయినయా అన్నడు. మనుషుల మాట తెలుస్తలేదు అన్న. ఇంట్లకెందుకు రానిస్తవ్, వాకిట అవతల నిలబెట్టి చెప్పమను, మనకు దూరమైతేంది అన్నడు." మాస్కు సర్దుకుని, "గదొక్కటి నాకు తట్టనే లేదు చిన్నీ. ఇనేటోళ్లకు దగ్గర కావాలె. నాకెందుకు?" అంది.

రెండేళ్లుగా మాస్కు పెట్టాలా వద్దా అని ఇళ్లలో, బస్సుల్లో, ఫోన్లలో మనం ఎంత కొట్టుకున్నాం! పెట్టనివాడు దుర్మార్గుడు, పెట్టమన్నవాడు పిరికివాడు. అందరి కోసం పెట్టుకోవాల్సిందే, నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ పెట్టుకోలేని ఒక మనిషి ఎవరినీ నిందించకుండా తనే నీళ్లవతలికి జరిగి కూర్చున్నాడు. ఎవరినీ మాస్కు తియ్యమనలేని ఇంకో మనిషిని అంత దూరం నుంచి పలకరించాడు. చెరువు చూడ్డానికి పోయి నేను చూసొచ్చింది అది. సోమవారం పొద్దున అక్క కొట్టు ముందు, గల్లీ అవతలి గోడ వారన, ముగ్గుపిండితో ఒక అడ్డగీత గీసింది. తలుపు మీద పాత కాగితం అట్లాగే ఉంచి, దాని కింద ఇంకో కాగితం అంటించింది. 'చెప్పేది ఉంటే గీత దగ్గర నిలబడి, మాస్కు తీసి చెప్పండి. నేను ఇక్కడి నుంచే వింటాను.'

మీరు వెళ్లేటట్లయితే ఒక్క సలహా. పది దాటితే కట్ట మీద జనం, ఆ లోపే చేరుకోండి. అక్కడ ఎవరైనా మీరు అడిగినదానికి పలక్కపోతే దగ్గరికెళ్లి అరవకండి. నాలుగడుగులు వెనక్కి వెయ్యండి, మొహం చూపించండి, అప్పుడు అడగండి.