గుల్వెన్ తీసిన రాయి

సోజిగ్ టీచర్‌కు తమ్ముడు గుల్వెన్ అంటే ప్రాణం. అయినా ఆ సెప్టెంబరు పొద్దున, పిల్లలు రబ్బరు బూట్లు తొడుక్కుని బడి ముందు గోల చేస్తుండగా, అతని నడుముకు వేలాడుతున్న ఇనప కొక్కెం చూసి ఆమె అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"అదెందుకురా ఇవాళ?"

"ఆక్టోపస్ కనబడితే ముద్దు పెట్టుకోమంటావా అక్కా?"

ఏడాదికోసారి, సముద్రం బాగా వెనక్కిపోయే పెద్ద పాటు రోజున, పిల్లల్ని రాళ్లలోకి తీసుకెళ్లడం ఆమెకు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అలవాటు. తాతల కాలంనుంచీ పడవల మీద బతికిన ఇంట్లో పుట్టి, పడవెక్కితే వాంతులు చేసుకునే పిల్ల ఆమె. అందుకే టీచరయిందని ఫ్రాన్స్ పడమటి తీరంలోని ఆ బ్రెటన్ రేవులో ఇప్పటికీ ఏడిపిస్తారు. ఏడిపిస్తే ఏడిపించనీ! ఈ వయసులోనూ చిన్న నత్త కదిలితే చాలు, ఊపిరి బిగబట్టి చూస్తుంది. బరువైన రాళ్లు ఎత్తడానికి గుల్వెన్ తోడొస్తాడు. ఎత్తిన రాయిని ఎత్తినవాళ్లే మళ్లీ ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. ఆ మర్యాద అక్కడ నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

ఈమధ్య మాత్రం ఆక్టోపస్‌లు ఆ తీరం మీద విరుచుకుపడ్డాయి. గుల్వెన్ సముద్రంలో వేసిన ఎర బుట్టల్లోకి దూరి, వాటిలో పడ్డ పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లను తినేస్తున్నాయి. పైకి లాగితే ఉత్త డొప్పలు. పడవ అమ్ముకోవాల్సి వస్తుందేమోనని అతనికి నిద్ర పట్టడం లేదు. అతని కోపం తప్పని సోజిగ్ ఏనాడూ అనలేదు. కానీ పిల్లల కళ్లముందే ఒకదాన్ని చీల్చేస్తే, జీవితాంతం సముద్రమంటే వాళ్లకు అదే గుర్తుంటుందే! ఆమె బెంగంతా అదే.

చివరి రాళ్ల వరస దగ్గర మైవెన్ అనే పిల్ల కేకేసింది. "మామా, ఇక్కడ పీత డొప్పలు గుట్టలుగా ఉన్నాయి!"

"దొంగ కొంప దొరికింది! ఆక్టోపస్ తిన్న డొప్పలు గుమ్మంలోనే పారేస్తుంది. జరగండి, జరగండి," అంటూ గుల్వెన్ ఒక్క అంగలో వచ్చాడు. పెద్ద బండ కింద నీళ్లు నిలిచిన చిన్న గుహ, దాని నోటికి అడ్డంగా ఒక రాయి. దాన్ని పక్కకు వంచి, జారకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. కొక్కెం తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు.

"అక్కా, కాస్త పట్టుకో."

"ముందు పిల్లల్ని చూడనీరా," అంది సోజిగ్.

పిల్లలు ఒక్కొక్కరే వంగి చూశారు. గుహ కప్పునుంచి సన్నబియ్యం గింజలు దారాలకు గుచ్చినట్టు గుడ్ల దండలు, లెక్కలేనన్ని. వాటి వెనక పాలిపోయిన ఆక్టోపస్. మెల్లగా ఒక్కో దండనూ నిమురుతోంది, వాటి మీదికి నీళ్లు ఊదుతోంది.

"ఎప్పుడు తింటుంది టీచర్?" అని మైవెన్ గుసగుసగా అడిగింది.

"తినదమ్మా. ఆ డొప్పలు గుడ్లు పెట్టకముందు తిన్నవి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేదాకా ఏమీ ముట్టదు. అవొచ్చాక చచ్చిపోతుంది."

"నేను చూడొద్దా?" అన్నాడు గుల్వెన్ విసుగ్గా.

పిల్లలంతా కలిసి రాయిని ఆపారు. అతను కొక్కెం తీసి, నాచులో బోర్లా పడుకుని, కొక్కెం పట్టిన చెయ్యి లోపలికి పెట్టాడు. సోజిగ్ కళ్లు మూసుకోబోయి మూసుకోలేకపోయింది. లోపలినుంచి బక్కచిక్కిన ఆక్టోపస్ చెయ్యొకటి వచ్చి, అతని వేళ్లను చుట్టి, గుడ్లకు దూరంగా నెట్టింది. అతను మళ్లీ పెట్టాడు. అది మళ్లీ నెట్టింది. బలమేమీ లేదు, కానీ వదల్లేదు.

"ఓరి దేవుడా," అన్నాడు గుల్వెన్. కొక్కెంతో సహా చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

లేచాక ఎవరి మొహమూ చూడలేదు. రాయిని యథాస్థానంలో పెట్టి, సందుల్లో నాచు కుక్కి, పీత డొప్పలన్నీ ఏరి దూరంగా నీళ్లలోకి విసిరేశాడు. డొప్పలెందుకు పారేస్తున్నాడో సోజిగ్‌కు ముందు అర్థం కాలేదు.

అంతలో పక్క రాళ్లమీదినుంచి మరో జాలరి, చేతిలో కొక్కెంతో, అరిచాడు. "ఏం గుల్వెన్, అక్కడేమైనా ఉందా?"

"ఏముంటుంది నా మొహం! ఉత్త రాళ్లే," అన్నాడు గుల్వెన్.

పిల్లలు ఒక్కరూ కిక్కురుమనలేదు. ఆ మనిషి వెళ్లిపోయేదాకా, పోటు నీళ్లు బూట్లను తాకేదాకా, గుల్వెన్ ఆ రాయికి అడ్డంగానే కూర్చున్నాడు.