ఆశ వల్ల ఆగిన పెండ్లికొడుకు

"అన్నా, ఆశ ఎవలు?"

2010 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ఆరు కొట్టకముందే నాకు ఫోనులో వినబడిన మొదటి మాట ఇది. నిద్రమత్తులో "ఏ ఆశ?" అన్నాను. జవాబులు చాలా ఉంటాయి గానీ, ఆ సమయానికి అంతకంటే చెడ్డ జవాబు దొరకదు.

ఫోను చేసింది కరుణ. నా స్నేహితుడు ప్రభుదాస్‌కు కాబోయే భార్య. పటాన్‌చెరులో ఒక పంపుల కంపెనీలో మెకానిక్ అయిన ప్రభుదాస్‌ను నెల రోజుల శిక్షణ కోసం జర్మనీ పంపారు. శనివారానికి రావాలి. వచ్చే శుక్రవారం పెండ్లి. రాలేదు. కరుణకు సొంత ఫోను లేదు కాబట్టి, బదులుగా ఆమె మేనమామ శాంతయ్య ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది.

"'ఆశ వల్ల రాలేకపోతున్న, ఇక్కడ అందర్ని ఆపింది, ఎప్పుడు వదులుతదో తెల్వది, మాఫ్ చెయ్యి' అని రాసిండన్నా. ఇయ్యాల చర్చిల మూడో ప్రకటన. మామ లేచి నిలవడ్త అంటుండు. అగో, వస్తుండు..." అని, ఆయనకు తెలియకుండా తీసిన ఆయన ఫోను పెట్టేసింది.

వాళ్ల చర్చి పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను. పెండ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ఆ సంగతి చర్చిలో చదివి, ఆటంకం ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడుగుతారు. మామూలుగా ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసినా తలొంచుకుని కూర్చుంటారు. పెండ్లికూతురు మేనమామే లేచి నిలబడితే మాత్రం ఆ పెండ్లి అక్కడితో సరి.

నేను నారాయణఖేడ్‌లో ఒక జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. ప్రభుదాస్ నాతో ఇంటర్ చదివాడు. వాడి జీవితంలో ఆశ అనే అమ్మాయి ఉంటే ఆ వార్త నాకంటే ముందు జర్మనీకి చేరే అవకాశం లేదు. వాడికి ఫోను కలవలేదు. శాంతయ్య ఫోను స్విచాఫ్. ఇక చొక్కా వేసుకుని బయలుదేరడం తప్ప మార్గం కనిపించలేదు.

ఏడింటికి బస్టాండు చేరాను. మనూర్ బస్సు ఏడుంపావుకు అని బోర్డు మీద ఉంటుంది. ఆ బోర్డును అలంకారంగా చూడాలి. హోటల్లో రెండు ఇడ్లీలు తిని, పేపరు కొన్నాను. మూడు రోజులుగా మా వీధిలో కరెంటు ఉన్నప్పుడు నేను ఇంట్లో లేను, నేను ఉన్నప్పుడు కరెంటు లేదు. అందుకే ప్రపంచం సంగతులు నాకు కాస్త ఆలస్యంగా తెలిశాయి. మొదటి పేజీ నిండా ఒక కొండ, దాని నెత్తిన నల్లటి పొగ. ఐస్‌లాండ్‌లో మంచు కింద ఉన్న అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద మబ్బై గాలివాటున ఐరోపా మీదికి వచ్చింది. విమానాలన్నీ బంద్. లక్షల మంది ఎక్కడివాళ్లు అక్కడే.

బూడిదను ఇంగ్లీషులో ఏమంటారో గుర్తుకు రావడానికి రెండో ఇడ్లీ దాకా పట్టింది. యాష్. ఏ, ఎస్, హెచ్.

మన తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు చివరి అచ్చు మింగేయడం అందరికీ ఉన్న అలవాటే. రమ 'రమ్' అవుతుంది, లత 'లత్' అవుతుంది. ప్రభుదాస్ మెసేజ్ కొట్టిందీ ఆ అక్షరాల్లోనే; వాడి 'యాష్'కు చివర అచ్చు కలిపితే ఆశ, ఎవరో అమ్మాయి పేరు. శాంతయ్య తప్పు చదవలేదు. మరీ జాగ్రత్తగా చదివాడు.

మళ్లీ ఫోను చేశాను. మళ్లీ స్విచాఫ్.

బస్సు ఏడూ నలభైకి కదిలింది. టికెట్ పద్నాలుగు రూపాయలు. మీరెప్పుడైనా ఈ దారిన పొద్దుపూట వెళ్తే కుడివైపు కూర్చోండి, ఎండ ఎడమవైపు పడుతుంది. కుడివైపు సీటు మీద మాత్రం వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది. తొందరలో చేతిలో ఉన్న పేపరే పరిచాను. ఆ విధంగా మనూర్ దాకా ఐస్‌లాండ్ మీద కూర్చుని ప్రయాణించాను.

పక్కన ఒక పెద్దాయన. కాళ్ల మధ్య గోనెసంచిలో బోరు మోటారు. కాలిపోతే నారాయణఖేడ్‌లో వైండింగ్ చేయించి తీసుకుపోతున్నాడు.

"పేపర్ల ఏముంది సారూ, మీద కూసున్నవ్?"

"అగ్నిపర్వతం పేలింది పెద్దాయనా. దేశాల మీద బూడిద మబ్బు కమ్మింది."

"మబ్బా? మరి వానొస్తదా?"

"రాదు."

"ఎండలన్న తగ్గుతయా?"

ఇది నిజానికి మంచి ప్రశ్న. నాకు తెలిసినంత చెప్పాను. పెద్ద కొండ పేలి, దాని గంధకపు పొగ వానమబ్బుల కంటే చాలా పైకి ఎక్కితే, ఏడాదో రెండేళ్లో అక్కడే ఉండి ఎండను కొంత ఆపుతుంది, లోకమంతా కాస్త చల్లబడుతుంది. ఇది మాత్రం అంత పెద్దది కాదంటున్నారు.

పెద్దాయన మోటారు మీద చెయ్యి వేశాడు.

"విమానాలు బంద్ జేసెతందుకు సరిపోయింది గని మన ఎండకు సరిపోలేదా? గీ సగం సగం పనులు నాకు నచ్చయి సారూ."

ఎనిమిదీ యాభైకి మనూర్. కరుణ వాళ్ల ఊరు ఇంకా లోపల. షేర్ ఆటో నిండితేనే కదులుతుంది. ఆదివారం కాబట్టి అది నిండే సూచనలు లేవు. పెద్దాయనదీ అదే దారి. ఆయన మోటారును సీటు మీద పెట్టగానే డ్రైవర్ అడ్డం పడ్డాడు.

"తాతా, మోటరుకు గూడ కిరాయియ్యాలె. గది ఒక మనిషి లెక్క."

"మనిషైతే నాతోని మాట్లాడమను, ఇస్త."

వాదన పది నిమిషాలు సాగింది. నా గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. చర్చి తొమ్మిదిన్నరకు. చివరికి మోటారు కిరాయి నేనే ఇస్తానన్నాను. "ఏంది సారూ గంత పరేషాన్ల ఉన్నవ్?" అన్నాడు పెద్దాయన. పెండ్లి సంగతి చెప్పాను. ఆయన డ్రైవర్ భుజం మీద ఒక్కటి వేశాడు. "నడువ్‌రా జల్దీ! ఆడివిల్ల పెండ్లి ఆగుతదంటే మోటరు లెక్కలు జెయ్యవడ్తివి!" లెక్క చేసింది ఆయన కూడా అన్న విషయం ఎవరూ ఎత్తలేదు. దిగేటప్పుడు నేను పేపరు మరిచిపోతే పిలిచి మరీ చేతికిచ్చాడు.

పది దాటింది. రేకుల కప్పు ఉన్న చిన్న చర్చి. చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడేసరికి పాస్టరయ్య చదువుతున్నాడు: "ఈ వివాహమునకు ఆటంకమేదైనను ఎవరికైనను తెలిసియున్నయెడల..."

మగవాళ్ల వైపు ముందు వరుసలో తెల్ల చొక్కా ఒకటి లేచింది. శాంతయ్య.

"నాకు తెల్సు అయ్యగారూ."

చర్చిలో ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మాట్లాడకూడదో నాకు తెలియదు. అది ఆ రోజు కలిసొచ్చింది.

"మామా! ఆశ మనిషి గాదు! బూడిద!"

అందరూ వెనక్కి తిరిగారు. ఆడవాళ్ల వైపు కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవని బూడిద?" అన్నాడు శాంతయ్య నెమ్మదిగా.

పేపరు విప్పి చూపించాను. నేను కూర్చున్నందువల్ల కొండ కొంచెం నలిగింది గానీ పొగ స్పష్టంగానే ఉంది. పాస్టరయ్య కళ్లద్దాలు సర్దుకుని వార్త పైకి చదివాడు. శాంతయ్యకు నమ్మకం కుదరలేదు.

"బూడిదికి ఇమానం ఆగుతదా? మేం పొయ్యిల రోజు జూస్తలేమా బూడిదిని?"

"నిరుడు కందులు కొట్టేటప్పుడు నీ ట్రాక్టర్ ఎందుకాగింది మామా?"

ఆడవాళ్ల వైపు నుంచి శాంతయ్య భార్య జవాబిచ్చింది. "ఎయిర్ క్లీనర్ల పొట్టు వోయింది. దులుపయ్యా దులుపయ్యా అని మొత్తుకున్న. ఇన్లే."

"ఇమానానిది గూడ గాలి గుంజుకునే ఇంజనే. పైగా ఇది పొట్టు గాదు, రాయిపిండి. ఇంజన్ వేడికి కరిగి లోపల అంటుకుంటది. నీ ట్రాక్టర్ చేన్ల ఆగింది, నువ్వు దిగినవ్. పైన ఆగితే దిగేదెట్ల?"

శాంతయ్య జేబులోంచి ఫోను తీసి, స్విచ్ వేసి, మెసేజ్ మళ్లీ చదువుకున్నాడు. "మరి 'ఎప్పుడు వదులుతదో' అని ఎందుకు రాసిండు?"

"బూడిదైనా 'వదులుతదో' అనే రాస్తం గద మామా."

మన భాషలో ఆడమనిషికీ బూడిదకూ క్రియ ఒకటే. పదో తరగతి వ్యాకరణం ఒక పెండ్లికి ఇంత దగ్గరగా వస్తుందని మా తెలుగు మాస్టారు చెప్పలేదు.

"మామా, గిప్పుడన్న కూసో," అంది కరుణ.

శాంతయ్య కూర్చోలేదు. "శుక్రారం దాక జూస్త. బూడిది వోతె పిలగాడు వస్తడు. రాకపోతె అది బూడిది గాదు." అప్పుడు కూర్చున్నాడు. పాస్టరయ్య ఆటంకం ఎవరికీ తెలియదని గ్రహించి, పాట అందుకున్నాడు.

మధ్యాహ్నం శాంతయ్య ఇంట్లోనే జొన్నరొట్టె, కోడికూర. ఆయన నా కంచంలోకి ముక్కలు వడ్డించాడు గానీ నా వైపు చూడలేదు. భోజనం అయ్యాక ట్రాక్టర్ దగ్గరికి వెళ్లి ఎయిర్ క్లీనర్ విప్పసాగాడు.

సోమ, మంగళ, బుధవారాలు పేపరు రెండుసార్లు చదివాను. ఐరోపాలో గాలి ఎటు వీస్తోందో నారాయణఖేడ్‌లో నా అంతగా పట్టించుకున్నవాడు ఉండడు. విమానాలు మెల్లగా మొదలయ్యాయి. గురువారం పొద్దున ప్రభుదాస్ ముంబై మీదుగా శంషాబాద్‌లో దిగాడు. నేను ఎదురెళ్లాను. గడ్డం పెరిగింది, ఒంటి మీద శనివారం నాటి చొక్కానే. మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్‌లో నారాయణఖేడ్ బస్సు ఎక్కాం.

"నాలుగు రాత్రులు ఆడి ఎయిర్‌పోర్టుల మడతమంచం మీద పండుకున్న," అన్నాడు. "గమ్మతేందంటే, ఆకాశం సాఫ్‌గుండె. మబ్బు లేదు, పొగ లేదు. మన మనూరు లెక్కనే. ఇమానం ఒక్కటి లేదు. పిట్టల సప్పుడు మాత్రం మంచిగ ఇనవడుతుండె."

సంగారెడ్డిలో చాయ్ తాగాం. ఆశ కథ అక్కడే చెప్పాను. వాడు నవ్వలేదు. "శాంతయ్య మామ ఇప్పటికీ కోపంగున్నడా?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాత జోగిపేట దాకా వాడు కిటికీలోంచి బయటికే చూశాడు.

జోగిపేట దాటాక వాడి ఫోను మోగింది. మెసేజ్, శాంతయ్య నంబరు నుంచి. వాడు చదివి, ముఖం చిట్లించి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"గిదేందిరా? 'యాష్‌తోని ఎదురుచూస్తున్న' అని ఉన్నది. బూడిదితోని ఎదురుచూసుడేంది?"

నేను చూశాను. అవే మూడు అక్షరాలు. ఏ, ఎస్, హెచ్. కింద కరుణ అని పేరు. అంటే శాంతయ్య ఆమెకు ఫోను ఇచ్చాడన్నమాట.

"ఈసారి చివరి అచ్చు కలుపుకుని చదువుకో," అన్నాను.