హిస్పానియా ఎడమచెయ్యి

ఫిలెరోస్ ముప్పై ఏళ్లుగా రోము టంకశాలలో వెండి నాణేలకు అచ్చులు చెక్కుతున్న బానిస. ఆ ఏడు చక్రవర్తిగారికి తాను తిరిగొచ్చిన దేశాలన్నిటినీ ఆడవాళ్లుగా నాణేల మీద వేయించాలని బుద్ధి పుట్టింది. తలకు ఏనుగుతల తొడుగు పెట్టుకున్న ఆఫ్రికా, కొంగను ఎదురుగా పెట్టుకున్న ఈజిప్టు, కుందేలుతో హిస్పానియా, అంటే స్పెయిన్ దేశం. ఒక్క దేశమూ చూసిన పాపాన పోని ఫిలెరోసే వాళ్లందరికీ కళ్లూ ముక్కూ పెట్టాలి. ఈ వరస పూర్తిచేస్తే సాటర్నాలియా పండక్కి నెత్తిన విడుదల టోపీ పెట్టి, బానిసత్వం వదిలించి పంపిస్తానని అధికారి నిగ్రీనస్ మాటిచ్చాడు. ఇంకా చెక్కాల్సినవి మూడే.

చిక్కల్లా కళ్లతో వచ్చింది. మసకలు కమ్మేశాయి. సంగతి బయటపడితే టోపీ మాట దేవుడెరుగు, చచ్చేదాకా కొలిమి దగ్గర తిత్తులు ఊదాల్సిందే. అందుకని పాత నాణేల మీది బొమ్మల్ని బొటనవేలితో తడుముకుంటూ, ఎవరికీ తెలియకుండా పని నెట్టుకొస్తున్నాడు.

అలాగే హిస్పానియాను చెక్కి, సుత్తి కొట్టే ప్రోకులస్‌కు పంపాడు. పంపిన కాసేపటికి గానీ తప్పు తట్టలేదు. అచ్చు మీద ఏదైనా అద్దంలోలాగా తిప్పి చెక్కాలి. అక్షరాలు అలవాటుకొద్దీ తిప్పే చెక్కాడు గానీ, బొమ్మను మాత్రం వేలికి తగిలింది తగిలినట్టే దించేశాడు. నాణెం మీద కుడిచేతిలో ఉండాల్సిన ఆలివ్ కొమ్మ కాస్తా ఆవిడ ఎడమచేతిలోకి పోతుంది. ఒక్క చూపుతో నిగ్రీనస్ పసిగట్టేస్తాడు.

పడుతూ లేస్తూ వెళ్లేసరికి ఠంగుమని మోత, వెనకాలే నిగ్రీనస్ తిట్లు. సుత్తి పక్కకు జారి అచ్చు రెండు చెక్కలైందట. అచ్చులు రోజూ పగులుతూనే ఉంటాయి; పగిలినదాని మొహం ఎవడూ చూడడు, తిన్నగా కొలిమిలోకి పోతుంది. తాగొచ్చావా అని ప్రోకులస్‌ను దులిపేసి, వారం రోజులు వాడి ద్రాక్షసారా కోసేసి నిగ్రీనస్ వెళ్లిపోయాడు.

ఫిలెరోస్ అక్కడే దిమ్మె మీద కూచున్నాడు. ప్రోకులస్ అతని అరచేతిలో ఒక సీసపు బిళ్ల పెట్టాడు. తడిమితే కొమ్మ ఎడమచేతిలోనే ఉంది.

“నీకెట్లా తెలిసిందిరా?” అన్నాడు ఫిలెరోస్.

“రెండు నెలల కింద నువ్వు నాణెం తడుముకుంటంటే చూశా. అప్పట్నించీ నీ అచ్చు ఏదొచ్చినా ముందు సీసం మీద కొట్టి చూసుకుంటన్నానన్నా. తప్పు దొరికింది ఇయ్యాళే, అందుకే సుత్తి జార్చా. ఆ మూడూ చెక్కేసి, టోపీ పెట్టుకుని పో ఇక.”

ఇన్నాళ్లూ తానొక్కడే దాచుకుంటున్నాననుకున్న భయాన్ని ఇంకొకడు కూడా దాచిపెడుతున్నాడని తెలిసి, ఫిలెరోస్ ఆ దిమ్మె మీదే కూచుని హాయిగా ఏడ్చాడు.