బలానికి వేసే మాత్ర

మా ఇంట్లో పాలు పొయ్యెక్కకముందే అత్తయ్య మందుల డబ్బా తెరుచుకునేది. రోజుకో గడి, మొత్తం ఏడు. ప్రతి ఆదివారం వాటిలో మాత్రలు సర్దడం మా ఆయన పని. ఆయన పోయి మూడు నెలలైంది. ఇప్పుడది నా పని. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, రంగులు చూసి సర్దేదాన్ని.

పది రోజులుగా అత్తయ్యకు వాంతులు, ఆగని దాహం. కాసేపటికోసారి, "వాడింకా రాలేదేం?" అని కొడుకు కోసం అడుగుతోంది. దిగులనుకున్నాం. చివరికి నేనూ వదినగారూ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడి నర్సుని అందరూ పళ్లెం నర్సు అంటారు. ఇరవై ఏళ్లుగా, ఎవరొచ్చినా ముందు స్టీలు పళ్లెం బల్ల మీద పెడుతుంది. మందులేం వాడుతున్నారంటే బీపీ మాత్ర ఒక్కటే చెబుతారట, అందుకే మందుల సంచి మొత్తం అందులో పోయిస్తుంది.

"బలానికేమైనా మింగుతోందా పెద్దమ్మ? విటమిన్లు, క్యాల్షియం, పొడులు?"

"అవీ మందులేనా అండీ? మా తమ్ముడు పోయిన బెంగ అది," అంది వదినగారు.

"బెంగకి బిందెడు నీళ్లు తాగరమ్మా. సంచి బోర్లించండి. నా పళ్లెం కరవదులే."

బోర్లించాను. అందులోంచి పెద్ద గోళీ ఒకటి వేలితో పక్కకు లాగింది.

"ఇది ఎన్నాళ్లకొకటి వేస్తున్నారు?"

అలా అడిగేసరికి నాకు తట్టింది. ఆయన దాన్ని ఆదివారం గడిలోనే వేసేవారు. మిగతా ఆరింటిలో మరిచిపోయారనుకున్నాను. బలానిదే కదా, రోజూ వేస్తే త్వరగా తేరుకుంటుందని అన్నిట్లోనూ వేశాను. వారానికొకటి అనేస్తే సరిపోయేది. నిజం చెబితే, తమ్ముణ్ణి మింగింది చాలక అమ్మని కూడానా అంటుంది వదినగారు. కానీ కుర్చీలో అత్తయ్య తల పక్కకి వాలిపోతోంది.

"రోజూ," అన్నాను.

వదినగారు నా భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది.

నర్సు తిట్టలేదు. "చెప్పావు గనక సరిపోయింది. లేకపోతే రేపూ వేసేదానివి," అని డాక్టరు గదికి పరుగెత్తింది. అది వారానికొకటే వేయాల్సిన విటమిన్ డి మాత్రట, రోజూ వేయడంతో రక్తంలో క్యాల్షియం బాగా పెరిగిందన్నారు. సెలైన్ ఎక్కించారు.

ఇవాళ ఆదివారం. వదినగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"రేపు ఇంటికి పంపుతారట. కిడ్నీల సంగతి మళ్లీ రక్తం చూశాక గానీ చెప్పలేరట. ఆ డబ్బా సర్ది పెట్టు."

ఫోన్ పెట్టేసి డబ్బా ముందు కూర్చున్నాను. ఏడు మూతలూ తెరిచే ఉన్నాయి. మాత్రలు పక్కనే ఉన్నాయి. ఒక్కటీ వేయలేదు. రేపు డబ్బా పట్టుకెళ్లి, ఆ నర్సు ఎదుట, ఆ పళ్లెంలోనే సర్దుతాను.