తెమో కోసిన తాడు

హక్కారి కొండల్లో మంచు కరిగే రోజుల్లో కనుమ దాటాలంటే మా ఊరివాళ్లకు తెమోనే దిక్కు. పొట్టి మనిషి, నోటి దురుసు.

"ఎండెక్కాక వాలు మీద అడుగెయ్యకండి, మంచు జావైపోతుంది. ఒక్కొక్కరే దాటండి. తాళ్లు ఒంటికి కట్టుకోకండి. చావాలనుంటే ఇంట్లోనే చావండి, మాకు మోసే పనైనా తప్పుద్ది" అనేవాడు. నవ్వుకుంటూనే అతను చెప్పినట్టు నడిచేవాళ్లం.

ఆ ఏప్రిల్లో అతని అక్క గులీజార్ పెద్దకొడుకు జుబేర్ పట్నంలో జ్వరంతో పోయాడు. రోడ్డు ఇంకా మంచు కిందే ఉంది. శవాన్ని మంచు మీద లాగే చెక్కబల్లకు కట్టి తెమో, జుబేర్ తమ్ముడు మీరో, నాతో కలిపి మరో ముగ్గురం కనుమకు లాక్కొచ్చాం. వాలు దగ్గరికి చేరేసరికే మిట్టమధ్యాహ్నమైంది.

"కాపరుల గుడిసెలో ఆగుదాం. రాత్రికి గడ్డకడుద్ది, తెల్లారకముందే దాటేద్దాం" అన్నాడు తెమో.

"గొయ్యి తవ్వించి కూర్చుంది మా అమ్మ. ఇవాళే మట్టి చెయ్యకపోతే ఊరు మొహాన ఉమ్ముద్ది మామా" అన్నాడు మీరో. మేమూ వాడికే వంత పాడాం. మా బుద్ధి గడ్డి తింది.

తెమో లొంగాడు. ముందు మేం ముగ్గురం ఒక్కొక్కరుగా దాటాం. తర్వాత మీరో బల్ల లాక్కుంటూ బయల్దేరాడు. అన్నను వదలకూడదని తాడు కోటు కింద నడుముకు కట్టుకున్నాడని వెనకున్న తెమోకు తెలియదు. సగం దాటాడో లేదో పైనుంచి తడిమంచు బరువుగా జారింది. బల్లను పట్టుకుంది, దానితోపాటు మీరోను ఈడ్చింది. తెమో అందులోకే పరుగెత్తి తాడు కోశాడు. ఆ హోరులో మాకేమీ వినబడలేదు. మీరో దక్కాడు, జుబేర్ బల్లతో సహా లోయలోకి పోయాడు.

"నా బిడ్డేడిరా?" అంది గులీజార్, గొయ్యి పక్కన నిలబడి.

"తాడు నేనే కోశానక్కా."

"నా గడప తొక్కకు."

అక్క తప్ప ఎవరూ లేనివాడు తెమో. రోజూ వెళ్లి శవం కోసం లోయలో పొడుగు కర్రతో మంచును పొడిచేవాడు. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు "తెమో వస్తున్నాడు, తాళ్లు దాచుకోండ్రా" అని అరిచేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మీరో మాత్రం తల ఎత్తేవాడు కాదు.

జూన్‌లో శవం బయటపడింది. జనాజా పాడె ఎత్తేటప్పుడు తెమో భుజం పెట్టబోతే గులీజార్ అడ్డం వచ్చింది.

"ముట్టుకోకు."

ముందు కొమ్ము మోస్తున్న మీరో ఆగిపోయాడు. "అమ్మా, ఆ రోజు..."

"నోర్ముయ్యరా!" అని తెమో గట్టిగా అరిచాడు.

"తాడు కొయ్యమని అరిచింది నేనేనమ్మా. కొయ్యి మామా, కొయ్యి అని ఏడ్చాను. చావంటే భయమేసింది."

గులీజార్ తమ్ముడి దగ్గరికి నడిచింది. అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మీరోను పక్కకు జరిపి, వాడు మోస్తున్న కొమ్ము కింద అతన్ని నిలబెట్టింది.